కాడిస్ ఈగ వీపు మీద ఇంటికప్పు

ఒకప్పుడు, అంటే నా మీసం చూసి పులులు పక్కదారి పట్టే రోజుల్లో, కొండవాగు నీళ్ల మీద ఎగిరే కాడిస్ ఈగ ఉంది చూడండీ, దాని పిల్లలకి ఇల్లుండేది కాదు. పిల్లలంటే ఇంకా రెక్కలు రాని మెత్తటి పురుగులు. నీళ్ల అడుగున ఒంటి మీద ఏ ఆచ్ఛాదనా లేకుండా పాకుతుండేవి. చుక్కల ట్రౌట్ చేప వచ్చి, సేమియా పాయసం జుర్రినట్టు జుర్రేసేది.

నేనేమో ఒడ్డున బండ మీద కూర్చుని, ట్రౌట్‌ని పట్టడానికి ఉత్తుత్తి ఈగలు కట్టేవాణ్ణి. గాలానికి కుందేలు బొచ్చు చుట్టి, కోడి ఈక పెట్టి, దారంతో బిగిస్తే అచ్చం కాడిస్ ఈగే! గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ, నేను కట్టిన ఈగని చూసి సాలీళ్లు వలలు సర్దుకునేవి. ఓ మగ ఈగ దానికి పెళ్లిసంబంధం కూడా మాట్లాడి వెళ్లింది.

ఒకరోజు తల్లి ఈగ వచ్చి నా బొటనవేలి మీద వాలింది.

"ఏం మీసాలన్నా, నా మొహాన్ని ఇనుముకి తగిలిస్తున్నావట?"

"పోలిక కుదిరిందా చెల్లీ?"

"నడుం కాస్త లావు పెట్టావు" అంది. అంటూనే ఏడ్చేసింది. "పొద్దున కూడా ట్రౌట్ నా పిల్లల్ని తినిపోయింది. ఇంక కొందరే మిగిలారు. ఇనపముక్కని తిండిలా చూపించే మొనగాడివి, తిండిని రాయిలా చూపించలేవా?"

అంత మాటంటే ఊరుకుంటానా, పిల్లలూ! "చూపించలేనా? కొండని కోడిగుడ్డులా చూపిస్తాను!" అని వాగులో దూకాను. ఆ దెబ్బకి వాగు కాసేపు ఎగువకి పారింది.

తీరా చూస్తే ఆ పురుగులు బియ్యపుగింజంత. నా వేళ్లకి అందవు. అందుకని కట్టే పనే వాటికి నేర్పాను. వాటి నోట్లోంచి పట్టులాంటి దారం వస్తోంది.

"భలే! ఇసుకరేణువు పెట్టు, చుట్టు. పుల్ల పెట్టు, చుట్టు. బిగించు!"

పొద్దు వాలేసరికి ఒక్కో పురుగూ గొట్టంలాంటి ఇల్లు కట్టుకుని అందులో దూరింది.

ట్రౌట్ వచ్చింది. "ఇదేంటి, ఇవాళ చెత్త నడుస్తోంది!" అని మూతి తిప్పుకుని పోయింది.

తల్లి ఈగ గంతులేసింది. నేనూ వేశాను. రెండు గుట్టలు కుంగాయి.

కొన్నాళ్లకి పిల్లలకి రెక్కలు మొలిచాయి. ఇల్లు ఇరుకైపోయింది. తల్లి హడావిడిగా వచ్చి వాలింది.

"అన్నా, విప్పడం కూడా నేర్పు."

నాకు రాని పని ఒకటి ఎదురైంది. పుట్టాక అదే మొదటిసారి. ఉత్తుత్తి ఈగని కట్టినవాడెవడూ మళ్లీ విప్పడు. నాకు వచ్చింది కట్టడమే.

తల్లి నీటి అంచుకి వెళ్లి, "లోపలే ఉండండర్రా! పైన ట్రౌట్ కాచుకునుంది" అని అరిచింది.

"లోపలుంటే బతుకుతామమ్మా" అంది చిన్నకూతురు. "కానీ ఎగిరేదెప్పుడు?"

 

చిన్నది తన ఇంటిని తానే కొరికింది. బయటపడి ఒక్క ఊపున పైకి ఈదింది. వెనకే ట్రౌట్ నోరు తెరిచింది. నీటి మీద రెప్పపాటు ఆగినా అంతే సంగతులు. ఆగలేదు. చివ్వున లేచి ఒడ్డున రెల్లు ఆకు మీద పడింది. దాని వెనక మిగతావీ బయల్దేరాయి. అన్నీ ఒడ్డుకి రాలేదు.

చిన్నది ఆకుని గట్టిగా పట్టుకుంది. వాళ్లమ్మలా రెక్కలు నిటారుగా నిలబెట్టలేదు. రెండు పక్కలకీ వాల్చి, పూరింటి కప్పులా ఒంటి మీద వేసుకుంది.

"అదేంటే?" అంది తల్లి.

"ఇల్లు వదిలేశానమ్మా. కప్పొక్కటీ తెచ్చుకున్నాను."

అదిగో, అప్పటినుంచే కాడిస్ పిల్ల ఇసుకా పుల్లా చుట్టుకుని బతుకుతుంది. రెక్కలొచ్చిన రోజున ఆ ఇంటిని తానే కొరుక్కుని వస్తుంది. ఆ తర్వాత ఏ ఆకు మీద వాలినా, రెక్కల్ని కప్పులా వాల్చుకుని, దాని కింద కాసేపు కదలకుండా కూర్చుంటుంది.