కుంటని వారానికే గుడ్డు

చెరకు కోతల కాలంలో అనకాపల్లి దిగువ పల్లెల్లో గాలికి కూడా తీపి అంటుకుంటుంది. అలాంటి ఒక పల్లెలో బెల్లం వండే పాక పక్కనే పశువుల సాల ఒకటి ఉండేది. అందులో సింహాద్రి, అప్పన్న అనే జోడెద్దులు. వాటి గాడిలోని గడ్డిలో గుడ్లు పెట్టుకునే చుక్కల కోడి పేరు చుక్కమ్మ. ఎద్దులు పక్కన ఉన్నంతకాలం అడవిపిల్లి ఆ సాల గడప తొక్కదు. అందుకే చుక్కమ్మకు వాళ్లిద్దరూ తోడబుట్టిన అన్నల కిందే లెక్క.

పాతరోజుల్లో ఎద్దులే గానుగ చుట్టూ తిరిగి చెరకు ఆడేవి. ఇంజను వచ్చాక ఆ పని పోయింది. పొలం నుంచి బండి లాగడం, తక్కిన పొద్దంతా నీడన నిలబడటం. పాకలో రసం కాగేటప్పుడు పైకి తేలిన మడ్డిని తీసి సాల పక్కనున్న గుంటలో పోసేవారు. ఎద్దుల పలుపుతాడు అక్కడిదాకా అందేది. సింహాద్రి ఒకసారి నాకి చూసి, తల విదిల్చుకుని ఎండుగడ్డి దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పన్న మాత్రం ఆ గుంటకే అంటిపెట్టుకున్నాడు.

"అతి ఏదైనా చేటేరా తమ్ముడూ," అన్నాడు సింహాద్రి.

"తినడం చేతకానోడే నీతులు చెబుతాడు. ఊరికే వచ్చిన తీపిని ఎవడైనా వొదులుకుంటాడేటి?" అన్నాడు అప్పన్న, మూతి తీయకుండానే.

చలి ముదిరేసరికి ఆ మడ్డి పడక అప్పన్న ముందుకాళ్ల గిట్టలు వేడెక్కాయి. అడుగు తీసి అడుగు వేయడమే గండమైంది. జోడులో ఒకడు కుంటితే కాడి బరువంతా రెండోవాడి మీద పడుతుంది. సింహాద్రి మెడ ఒరుసుకుపోయి పుండు పడింది. యజమాని సన్నిబాబు ఇద్దర్నీ చూసి, "జోడు పాడైపోనాది. సంతకి తోలేయడమే," అని పెళ్లాంతో అన్న మాట చుక్కమ్మ చెవిన పడింది. ఎద్దులు పోతే అడవిపిల్లికి అడ్డెవరని ఆమెకు దిగులు పట్టుకుంది.

అలాంటి సమయంలో దిగాడు వైద్యుడు జంబయ్య. జాతికి నక్క, మాటకి తేనె. కాలవ బురదలో నాలుగు ఆకులు నలిపి గిట్టలకు మెత్తేవాడు. చల్లదనానికి నొప్పి ఆ పూటకి అణిగేది. అందుకు కూలి గాడిలోంచి ఒక గుడ్డు. మర్నాడు మళ్లీ కుంటు, మళ్లీ బురద, మళ్లీ గుడ్డు.

"మడ్డి మానేయమంటారా బాబూ?" అని అప్పన్న అడిగాడు ఒకనాడు.

"ఎందుకయ్యా మానడం? నోరు కట్టుకుని బతకడం కూడా ఒక బతుకేనా? నువ్వు తిను. నేనున్నాను కదా," అన్నాడు జంబయ్య.

పొదుగుదామని చుక్కమ్మ గాడిలో కూర్చుంటే కింద వెచ్చబడటానికి గుడ్డే మిగలడం లేదు. ఓర్చి ఓర్చి అప్పన్న ఎదుటికి వెళ్లింది.

"నీ నాలిక తీపికి నా కడుపుకోత ఏటన్నా?"

"నొప్పి నాది చెల్లీ. నీకేం తెలుసు."

"నొప్పి నీది. గుడ్డు నాది. మెడ మీద పుండు సింహాద్రన్నది. మరింక రోగం నీ ఒక్కడిదే ఎలాగౌతాది?"

అప్పన్న తల దించుకున్నాడు. సిగ్గుపడ్డాడు కూడా. కానీ సిగ్గు కంటే అలవాటుది పైచేయి. కాసేపటికే తాడు మళ్లీ గుంట వైపు సాగింది. చుక్కమ్మకు కోపం వచ్చింది, ఆ వెనకే జాలీ వేసింది. చూరు కింద ముడుచుకుని చాలాసేపు ఆలోచించింది. అప్పన్న కుంటిన రోజే జంబయ్యకు పండగ. ఆ పండగ ఖర్చు తన గుడ్లే. అలాంటప్పుడు కుంటు ఎందుకు పోతుంది?

మర్నాడు బురద మెత్తుతూ జంబయ్య గొప్పలకు పోయాడు.

"నా హస్తవాసి అలాంటిది వదినా. నా మందు పడ్డాక వారం దాకా నొప్పి తొంగిచూడకూడదు."

"ఆ మాట నిజం బాబూ," అంది చుక్కమ్మ వినయంగా. "పూటకో గుడ్డంటే కూలోడి లెక్క. మీలాంటోరికి నామోషీ. సంత నుంచి సంత దాకా అప్పన్న కుంటకపోతే రెండు గుడ్లు మీకు దక్షిణగా పెడతాను."

"మరి కుంటితే?"

"మీ మందు పడ్డాక కుంటడం ఎక్కడిది?"

సింహాద్రి నెమరు ఆపి, "అవునవును. వారం దాకా రాదని ఆయనే అన్నారు," అన్నాడు.

జంబయ్యకు కక్కలేక మింగలేక అయింది. కాదంటే వైద్యం గుట్టు బయటపడుతుంది. "ఎందుకొచ్చిన మార్పులు వదినా, పాత పద్ధతే బాగుంది," అని నసిగాడు.

"అలాగైతే రేపట్నుంచి అటక మీద పెట్టుకుంటాను బాబూ. నాకు రెక్కలున్నాయి కదా."

జంబయ్య అటక వైపు చూసి సరే అన్నాడు. గతిలేనమ్మకు గంజే పానకం.

మొదటి వారం బురద మందంగా మెత్తి ఊరుకున్నాడు. అప్పన్న ఎప్పట్లాగే మడ్డి తిన్నాడు, సంత రాకముందే కుంటాడు. గుడ్డు దక్కక జంబయ్య కడుపు కాలింది. మర్నాడు పొద్దు పొడిచేసరికి గుంట గట్టున పళ్లు బయటపెట్టి నిలబడ్డాడు.

"మూతి పెట్టావంటే కొరుకుతాను."

"నువ్వే కదా తినమన్నావు?" అన్నాడు అప్పన్న.

"అది పాత జీతం."

అప్పట్నుంచి జంబయ్యకు కూర్చునే తీరిక లేదు. గుంటకు కాపలా. ఎండుగడ్డి తినేదాకా పోరు. నొప్పి అణిగిన కొద్దీ మెత్తని నేల మీద అప్పన్నను నాలుగడుగులు నడిపించడం. అప్పన్న తిట్టాడు, అలిగాడు, బతిమాలాడు. క్రమంగా గిట్టలు చల్లబడ్డాయి. కాడి సమంగా నిలిచి సింహాద్రి మెడ పుండు మానింది. బేరగాడు వచ్చిన రోజున సన్నిబాబు ఇద్దర్నీ నడిపించి చూసి, "జోడు కుదురుకున్నాది. అమ్మను," అని పంపేశాడు. చుక్కమ్మ ఆనందం అంతా ఇంతా కాదు.

అయితే అప్పన్న గిట్టల మీద గాట్లు మాత్రం మిగిలిపోయాయి. రాళ్లబాటలో ఇప్పటికీ వెతుక్కుని అడుగేస్తాడు. సింహాద్రి మాట మొదట్లోనే విని ఉంటే ఆ గాట్లు పడేవే కావు.

సంతనాడు రెండు గుడ్లు ముందేసుకుని, బక్కచిక్కిన జంబయ్య వాపోయాడు. "రోగమున్నప్పుడు బురద మెత్తి హాయిగా పడుకునేవాణ్ని. ఇప్పుడు రోగం లేదు, నాకు నిద్రా లేదు. నన్ను దగా చేశావు వదినా."

"దగా ఏటి బాబూ? అప్పుడు రోగాన్ని మేపినందుకు ఇచ్చాను. ఇప్పుడది రాకుండా కాసినందుకు ఇస్తన్నాను," అంది చుక్కమ్మ, పొదుగుతున్న గుడ్ల మీంచి లేవకుండానే.

జంబయ్య ఇంకేదో అనబోయాడు. అంతలో అప్పన్న మూతి గుంట వైపు సాగడం కంటపడింది. గుడ్లు అక్కడే వదిలేసి అటు పరిగెత్తాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. కడిగేవాడికిచ్చే కూలి తొక్కకుండా ఆపేవాడికిస్తే అందరి గూడూ నిండుతుంది.