వాడని నీళ్ళు

ఏ కాలంలోనో, ఏ కొండల నడుమనో మంజులగిరి అని ఒక రాజ్యం ఉండేదట. దాన్ని విజయకేతనుడనే రాజు ఏలేవాడు. మనసు చెడ్డది కాదు గానీ ఆయనకు దర్పం జాస్తి. తనను చూసి ఎవరైనా నవ్వారేమో అన్న అనుమానం వచ్చిందంటే ఆ పూట అన్నం సయించేది కాదు.

ఆయన కొలువులో కొమ్మన్న అనే మాటకారి ఉండేవాడు. సభనంతా కడుపుబ్బ నవ్వించే ఆ కొమ్మన్నకు ఇంటికి వెళితే పలకరించే మనిషి లేదు. భార్య సింగమాంబ కిందటి చలికాలంలో జ్వరంతో పోయింది. పెరట్లో ఆమె పెంచిన విరజాజి తీగ మాత్రం మిగిలింది.

సింగమాంబ ఇంట్లో నీటిచుక్క ఊరికే పోయేది కాదు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేప మొక్కకు, స్నానాల నీళ్ళు అరటికి, బూడిదతో అంట్లు తోమిన నీళ్ళు విరజాజికి. కొమ్మన్న ఎప్పుడైనా మరిచిపోయి చెంబెడు నీళ్ళు వీధిలో గుమ్మరించబోతే లోపలినుంచి కేకవేసేది.

"పారబోయకండీ! ఇంకా పనుంది వాటికి!"

ఇప్పుడా కేక వినిపించదు. అయినా కొమ్మన్న తన ఒక్క కంచమూ తోముకుని, ఆ నీళ్ళు తెచ్చి తీగ మొదట్లో పోసేవాడు. పోస్తూ ఆ రోజు కొలువులో జరిగిన సంగతులన్నీ చెప్పేవాడు. గాలికి ఆకులు కదిలితే వింటోందనుకునేవాడు.

ఇలా ఉండగా పొరుగు రాజ్యంనుంచి ఒక రాయబారి వచ్చాడు. రాజుగారు ఆయనను వెంటబెట్టుకుని పురవీధులు చూపిస్తుంటే ఒక ఇల్లాలు స్నానాల గదినుంచి వచ్చే నీళ్ళను అరటిపాదులోకి మళ్ళిస్తూ కనిపించింది. రాయబారి చిన్నగా నవ్వి, "తమ రాజ్యంలో ఈ నీళ్ళు కూడా మొక్కలకేనా ప్రభూ?" అన్నాడు.

రాజుగారి ముఖం మాడిపోయింది. మర్నాడే చాటింపు వేయించాడు: 'ఒకసారి వాడిన నీటిని మళ్ళీ దేనికీ వాడరాదు. వీధి కాలువలో పారబోయవలెను. మంజులగిరికి నీటి కరువు లేదు!'

అసలే ఎండాకాలం. అన్నిటికీ కొత్త నీళ్ళే తోడాల్సి రావడంతో బావులు అడుగంటాయి. తాగడానికే చాలీచాలని నీళ్ళు, ఇక మొక్కలకు ఎక్కడివి? పెరళ్ళలో అరటి వాలిపోయింది, కరివేప ఆకు రాల్చింది. భటులు గోడలమీదుగా తొంగిచూస్తూ తిరిగేవారు.

కొమ్మన్న తాను తాగే నీళ్ళలోనే కాసిని మిగిల్చి విరజాజికి పోశాడు. చాలలేదు. ఒక ఉదయం కొసకొమ్మను పట్టుకుంటే పుటుక్కున విరిగి చేతిలోకి వచ్చింది. ఆయన గోటితో ఆ పుల్లను గీకి చూశాడు; లోపల కూడా పచ్చదనం లేదు. సింగమాంబ పోయిన రోజున కూడా ఇంత భయం వేయలేదు.

తిన్నగా కొలువుకు వెళ్ళాడు.

"ప్రభూ, ఆ ఆజ్ఞను ఒక్కసారి ఆలోచించండి. జనం పెరళ్ళు ఎండిపోతున్నాయి."

"జనం పెరళ్ళా, నీ పెరడా?" అన్నాడు రాజు.

"నాదీ అందులోనే ఉంది ప్రభూ. దాచను."

"మంచినీళ్ళకు, మురికినీళ్ళకు తేడా తెలియనివాడవు! నీకు నేర్పించాలి. రేపు రాయబారికి వీడ్కోలు విందు. నా పంక్తిలో నీళ్ళ పని నీదే. అంతకుముందు ఎవరూ దేనికీ వాడని నీళ్ళే నా పాత్రలో ఉండాలి. తేడా వచ్చిందో, కొలువులో నీకు చోటు లేదు."

"చిత్తం," అన్నాడు కొమ్మన్న. ఆ పూట ఆయన ఎవరినీ నవ్వించలేదు.

మర్నాడు విందు వైభవంగా మొదలైంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర రాజుగారికి ప్రాణం. పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆవ ఘాటు ముక్కుకెక్కింది, పొలమారింది. కళ్ళు ఎర్రబడ్డాయి. గబగబా బంగారు పాత్ర అందుకుని ఎత్తితే చుక్క రాలలేదు.

"నీళ్ళు! నీళ్ళేవీ?"

కొమ్మన్న చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు.

"వెతికాను ప్రభూ. ఏటికి వెళ్ళాను. ఎగువన గేదెలు మునిగాయి, చాకళ్ళు బట్టలు ఉతికారు. అవి వాడిన నీళ్ళు. బావి దగ్గరకు వెళ్ళాను. అందులో ఊరేది పోయినేటి వానే, ఎన్ని మళ్ళు తడిపి ఇంకిందో! పోనీ వానే పట్టుకుందామని మబ్బును చూశాను. అది సముద్రంనుంచి వచ్చిందన్నారు. ఆ సముద్రంలో కలిసింది మన ఏరే. మీ తాతగారు స్నానం చేసిన నీళ్ళు కూడా అందులోనే ఉన్నాయి. ఎవరూ వాడని నీళ్ళు ఈ భూమ్మీద నాకు దొరకలేదు."

"అయితే... నేనేం... తాగాలి?" దగ్గుతూనే అడిగాడు రాజు.

"నా విరజాజి కూడా రోజూ అదే అడుగుతోంది ప్రభూ," అన్నాడు కొమ్మన్న. నవ్వుతూ చెప్పాలనుకున్న మాటే, కానీ నవ్వు రాలేదు. వెనకనుంచి ఒక మట్టి ముంత తీసి పట్టుకున్నాడు. "ఇవి మామూలు బావినీళ్ళు. నానా రకాలుగా వాడినవి. తమ ఆజ్ఞ ఒప్పుకుంటే ఇస్తాను."

"రద్దు! ఆజ్ఞ రద్దు! ఇటివ్వు!"

రాజు ముంత ఎత్తి గటగటా తాగాడు. అప్పుడు రాయబారి మెల్లగా అన్నాడు:

"ప్రభూ, మా దగ్గర నీటికి ఎంత కటకటో తమకు తెలియనిది కాదు. ఆ ఇల్లాలిని చూసి ముచ్చటపడి అడిగాను. మావాళ్ళకు నేర్పిద్దామనుకున్నాను. ఎలా చేస్తారో తెలుసుకునేలోపే తమరు మాన్పించారు!"

విజయకేతనుడు ఆయన వంక చూశాడు, చేతిలోని ముంత వంక చూశాడు. మీసాలనుంచి నీళ్ళు కారుతుండగానే పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు. పంక్తి అంతా నవ్వింది.

"గెలిచావయ్యా కొమ్మన్నా! నా తాతగారి స్నానపు నీళ్ళు నాచేతే తాగించావు. ఏం కావాలో కోరుకో!"

"ఈ పంక్తిలో అందరూ చేతులు కడుక్కున్నాక ఆ నీళ్ళు ఇప్పించండి ప్రభూ. త్వరగా వెళ్ళాలి."

రాజు నవ్వు ఆగింది. కొమ్మన్న ముఖంలోకి తేరిపార చూశాడు. తన చేతి కంకణం తీసి ఆయన చేతికి తొడిగి, విందు ముగిశాక ఆ నీళ్ళు నిండిన గంగాళాలన్నీ కావళ్ళ మీద వెంట పంపాడు. కోటలోని స్నానాల నీళ్ళకు కాలువ తీయించి వీధి తోటలకు పారించాడు.

ఇళ్ళలో పాత అలవాట్లు మళ్ళీ మొదలయ్యాయి. అరటి లేచింది. విరజాజి మాత్రం చాన్నాళ్ళు మోడులాగే ఉంది. కొమ్మన్న పోస్తూనే ఉన్నాడు, కబుర్లు చెబుతూనే ఉన్నాడు. తొలకరి వచ్చేసరికి తీగ మొదట్లో ఒక పచ్చని చిగురు కనిపించింది. శ్రావణంలో మొగ్గలు తొడిగింది.

ఒక సాయంత్రం మొగ్గలు కోద్దామని చెయ్యి చాపాడు. కోసి ఎవరికివ్వాలో తోచలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, తీగ పక్కనే చతికిలబడ్డాడు. చీకటి పడుతుంటే పూలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఆ వాసన ఇంట్లోకి, ఖాళీ గదుల్లోకి వెళ్ళేదాకా ఆయన అక్కడే కూర్చున్నాడు.