గోరింక ముందు చెప్పే పేరు

ఇప్పలకోన అనే అడవిలో జింకలు, కుందేళ్ళు, కోతులు, ముంగిసలు, అడవికోళ్ళు కలిసిమెలిసి బతికేవి. మనకు ఏదైనా కావాలంటే ఫోన్ తీసి వెతుకుతాం. ఇప్పలకోనలో ఫోన్లు లేవు. అక్కడ ఒక గోరింక ఉండేది.

మూడు దారులు కలిసేచోట, మద్దిచెట్టు కొమ్మ మీద అది కూర్చునేది. రోజూ పొద్దున్నే అడవంతా ఒక చుట్టు చుట్టి వచ్చేది కాబట్టి ఎక్కడ ఏది దొరుకుతుందో దానికి బాగా తెలుసు. అడిగినవాళ్ళు నోరు మూసేలోపే సమాధానం చెప్పేది.

అయితే గోరింకకూ పొట్ట ఉంది కదా. తమ పేరు అందరికంటే ముందు చెప్పాలని కోరుకునే అంగడివాళ్ళు, అది పంపిన ఒక్కొక్కరి లెక్కన దానికి ఒక రేగుపండో తేనెచుక్కో ఇచ్చుకోవాలి. వచ్చినవాళ్ళు కొన్నా ఇవ్వాలి, కొనకపోయినా ఇవ్వాలి. అదీ ఒప్పందం.

ఆ అడవిలో ఆకుగొడుగులు చేసేవాళ్ళు ఇద్దరే. ఒకరు సూదమ్మ అనే ముళ్ళపంది. టేకాకులు ఏరుకొచ్చి, రాలిపోయిన తన ముళ్ళనే సూదులుగా చేసుకుని కుట్టేది. రెండోవాడు గుబురయ్య అనే ఎలుగుబంటి. ఆయన ఆకుల్ని బంకతో అతికించేవాడు. పనితనంలో ఇద్దరికీ వంక పెట్టడానికి లేదు. గొడుగు తీసుకున్నవాళ్ళు బదులుగా దుంపలు ఇచ్చేవాళ్ళు.

ఆ ఏడు ఎండాకాలం అయిపోవచ్చింది. వానలు పడితే సూదమ్మ కలుగు చుట్టూ నీళ్ళు నిలుస్తాయి. ఇక దుంపలు తవ్వుకోవడం కుదరదు. ఈలోపు గొడుగులు అమ్ముడైతేనే వానాకాలమంతా దానికీ, దాని ఇద్దరు పిల్లలకీ తిండి. గొడుగులు చూస్తే గుట్టగా పడి ఉన్నాయి. సూదమ్మకు దిగులు పట్టుకుంది.

గుబురయ్యకు మాత్రం దిగులెందుకు? ఆయన ఇంటినిండా తేనె ఉంది. దర్జాగా నడుచుకుంటూ గోరింక దగ్గరికి వెళ్ళాడు.

"ఎవరు ఏం అడిగినా ముందు నా పేరే చెప్పు. గొడుగు అడిగినా సరే, గడ్డి అడిగినా సరే" అన్నాడు.

"గడ్డి కావలసినవాళ్ళు గొడుగు కొంటారా గుబురయ్య గారూ?" అంది గోరింక.

"అడవిలో నా పేరు వినని చెవి ఉండకూడదు. చెప్పింది చెయ్యి."

గోరింక సరేనంది. తేనె అంటే దానికీ ఇష్టమే మరి.

మర్నాటి నుంచి గుబురయ్య అంగడి ముందు సందడే సందడి. ఆకలేస్తోందన్న కోతి అక్కడికే వచ్చింది. దారి తప్పిన జింక అక్కడికే వచ్చింది. పంటి నొప్పికి మందు అడిగిన ముసలి ముంగిస కూడా దవడ పట్టుకుని అక్కడికే వచ్చింది. వచ్చినవాళ్ళంతా గొడుగుల్ని చూసి, గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. గుబురయ్య వాళ్ళ మొహాలు చూడలేదు. దుమ్ములో పడ్డ అడుగులు చూసి మురిసిపోయాడు. వచ్చేపోయేవాళ్ళను ఆపి మరీ ఆ అడుగులు చూపించేవాడు. ఇంట్లో తేనె తరిగిపోతున్న సంగతి ఆయనకు పట్టనే లేదు.

సూదమ్మ దగ్గర ఉన్నవి కాసిని రేగుపళ్ళు. 'పత్రఛత్రాలు' అడిగినవాళ్ళను తన దగ్గరికి పంపమని గోరింకతో చెప్పి వచ్చింది. వాళ్ళ నానమ్మ ఆకుగొడుగుల్ని అలాగే పిలిచేది. రోజులు గడిచాయి గాని ఒక్కరూ రాలేదు. సంగతేమిటో కనుక్కుందామని మళ్ళీ మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళింది.

"ఆ మాట నన్ను ఎవరూ అడగడం లేదక్కా" అంది గోరింక.

"మరి ఏమని అడుగుతున్నారు?"

"'వానొస్తే పిల్లలు తడిసిపోతారు, ఏం చెయ్యను?' అని అడుగుతున్నారు."

సూదమ్మకు నవ్వాగలేదు. నానమ్మ పెట్టిన పేరు ఎంత ముద్దొచ్చినా, ఆ పేరుతో అడిగేది నానమ్మ ఒక్కతే. పిల్లలు తడుస్తారని అడిగినవాళ్ళను మాత్రమే తన దగ్గరికి పంపమంది. ఆ ఒక్క మాటకు, పంపిన ఒక్కొక్కరి లెక్కన గోరింకకు రెండేసి పళ్ళిస్తానంది. మిగతా మాటలన్నీ గుబురయ్య గారికే ఉండనిమ్మంది.

ఇప్పుడు తల్లులు పిల్లల్ని వెంటపెట్టుకుని రాసాగారు. కాని కొనకుండానే వెనక్కి పోతున్నారు. రేగుపళ్ళు అయిపోవస్తున్నాయి. సూదమ్మకు కంగారు పుట్టింది. ఆ సాయంత్రం అంగడి ముందు దుమ్ములో పడిన అడుగుల్ని వంగి చూసింది.

అడుగులన్నీ తిన్నగా వచ్చి, ఒకే చోట ఆగిపోయాయి. మొదట వెనక్కి మళ్ళినవి చిన్నచిన్న అడుగులు. పెద్ద అడుగులు వాటి వెనకే తిరిగాయి. అంటే వెళ్ళిపోదామన్నది పిల్లలే. పిల్లలు దేన్ని చూసి జడుసుకున్నారు? సూదమ్మ ఆ చోటే నిలబడి, మెడ వంచి, జింకపిల్ల చూసినట్టు తన అంగడిని చూసింది. అక్కడ గొడుగులు కనిపించలేదు. తాను కూర్చునే పీట ఎదురుగా కనిపించింది.

ఎవరైనా వస్తున్నారంటే చాలు, సూదమ్మ సంతోషంతో లేచి నిలబడేది. దానితోపాటు వీపు మీది ముళ్ళన్నీ లేచేవి.

సూదమ్మ మనసు చివుక్కుమంది. తన సంతోషమే పిల్లల్ని భయపెడుతోందని తెలిస్తే ఎవరికైనా బాధే. వెంటనే పీటను పొద వెనక్కి జరిపింది. గొడుగుల్ని తెచ్చి కుందేలుపిల్లకు కూడా అందేలా కిందికొమ్మలకు వేలాడదీసింది.

మర్నాడు ఒక జింకపిల్ల వచ్చింది. గొడుగు కింద దూరి గిరగిరా తిరిగింది. పొద వెనక నుంచి సూదమ్మ, నచ్చిన గొడుగు తీసుకుని దుంపలు అక్కడే పెట్టి వెళ్ళమని మెల్లగా చెప్పింది. ఆ సాయంత్రం దుమ్ములో చూస్తే చిన్న అడుగులన్నీ గుండ్రంగా తిరిగి ఉన్నాయి. సూదమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత పిల్లలే పిల్లల్ని పిలుచుకొచ్చారు. మాట వినిపిస్తోంది గాని మనిషి కనిపించదేమని కుందేలుపిల్ల ఒకటి పొద వెనక్కి తొంగిచూసి, ముళ్ళను చూసి కూడా పారిపోలేదు. "ముళ్ళత్తా" అని పిలిచింది. ఆ రోజు నుంచి అడవిలో పిల్లలందరికీ సూదమ్మ ముళ్ళత్త అయింది.

తొలివాన కురిసేసరికి సూదమ్మ కలుగు దుంపలతో నిండిపోయింది. పిల్లలిద్దరూ ఆ గుట్ట మీద ఎక్కి గంతులేశారు. బయట అడవంతా గొడుగులే. కింద చిన్నచిన్న కాళ్ళు, పైన టేకాకులు.

గుబురయ్య గొడుగులు మాత్రం గుట్ట గుట్టలాగే ఉన్నాయి. తేనె చుక్క కూడా మిగల్లేదు. ఆకలికి తాళలేక, తన గొడుగే తాను వేసుకుని మద్దిచెట్టు దగ్గరికి వచ్చాడు.

"గోరింకా, కడుపు మాడిపోతోంది. ఈ అడవిలో తేనె ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు.

గోరింక మాట తప్పే పిట్ట కాదు.

"గుబురయ్య గారి అంగడిలో అడగండి" అంది. ఆ వెంటనే, "ఒకరిని పంపాను కదా, నా తేనెచుక్క ఏది?" అంది.

చెట్టు మీది కోతులు కడుపులు పట్టుకుని నవ్వాయి. గుబురయ్య మొదట మొహం మాడ్చుకున్నాడు. తర్వాత తనకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే సూదమ్మ కలుగు దారి పట్టాడు. ముళ్ళత్త ఆయనకు ఒళ్ళో పట్టినన్ని దుంపలు పెట్టింది.

నీతి: నలుగురి నోళ్ళలో పేరు నానితే చాలదు. వచ్చినవాళ్ళు ఏం కోరి వచ్చారో, ఎందుకు తిరిగి వెళ్ళారో తెలుసుకున్నవాళ్ళ వ్యాపారమే నిలుస్తుంది.