తిరపమ్మ రేవు వెల

ఏదో ఒక రాజ్యం అనుకోండి. పేరు మాత్రం అడక్కండి. చెబితే మా రాజుగారి వంశంవాళ్ళు నొచ్చుకుంటారు. ఈ కథలో మూర్ఖుడెవరా అని కూడా మీరు వెతుక్కోనక్కర్లేదు. నేనే.

నా పేరు గరుడాద్రి శాస్త్రి. భుజబల మహారాజుగారి కొలువులో వస్తువులకి విలువ కట్టే ఉద్యోగం నాది. ఏనుగునైనా, ఏలకుల మూటనైనా ఒక్కసారి చూసి ఇంత అని చెప్పేవాణ్ణి. ఈ విద్యలో నన్ను మించినవాడు భూమ్మీద లేడు. ఆ సంగతి అప్పటికి నాకొక్కడికే తెలుసు.

మా మహారాజు మహా విశాలమైన భుజాలవారు. ఆయన కూర్చుంటే సింహాసనం ఇరుకేమో అనిపించేది. ఊళ్ళో ఏది అమ్మకానికొచ్చినా ముందు తనకే చెప్పాలని ఆయన శాసనం. అది తనకి కావాలా వద్దా అన్నది తర్వాత సంగతి.

ఒకరోజు సభకి తిరపమ్మ వచ్చింది. ఏటి ఒడ్డున చాకిరేవు ఆమెది. రాజుగారి బట్టల దగ్గర్నుంచి నా బట్టలదాకా ఊరంతటివీ ఆమె చేతిమీదుగానే తెల్లబడేవి.

"ఏలినవారూ, నలభై ఏళ్ళు మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడ్డాను. ఇప్పుడా మోకాళ్ళు రానంటున్నాయి. నాకు ముందూ వెనకా ఎవరూ లేరు. రేవు అమ్మేసి, ఓ గది కట్టుకుని, పొడినేల మీద కాళ్ళు చాపుకుని బతుకుదామని ఉంది. మూడొందల వరహాలు ఇప్పించండి" అంది.

"మూడొందలా!" అన్నారు రాజుగారు. "మా పట్టపు గుర్రానికే అంత పెట్టలేదు. ఏమయ్యా శాస్త్రీ!"

నేను లేచాను. లేవడంలోనూ నాకో పద్ధతి ఉండేది. ముందు ఉత్తరీయం సర్దుకోవడం, తర్వాత గొంతు సవరించుకోవడం, ఆ తర్వాతే లేవడం.

"ప్రభూ, రేపు స్వయంగా చూసి వెల కడతాను" అన్నాను.

మర్నాడు గంటం, తాటాకుల కట్ట పట్టుకుని రేవుకి వెళ్ళాను. నాలుగు ఉతికే బండలు. ఒక్కొక్కదాన్నీ వేలితో తట్టి చూశాను. ఎందుకు తట్టానో ఇప్పటికీ నాకు తెలీదు. బట్టలు ఉడకబెట్టే బానలు రెండు, అందులో ఒకటి బీటలిచ్చింది. దండేలు, మురికి వదిలించే చవుడుమన్ను కుప్ప, మూడు గాడిదలు. వాటి వయసు తెలుసుకుందామని ఒకదాని నోరు తెరవబోయాను. అది నా వయసు తెలుసుకుందామనుకుందో ఏమో, చెయ్యి పట్టుకుని వదల్లేదు. తిరపమ్మ వచ్చి దాని చెవి నిమిరితే వదిలింది.

"ఏరు రాజుగారిది. ఎండ దేవుడిది. ఆ రెంటికీ వెల లేదు" అన్నాను, చెయ్యి విదిలించుకుంటూ.

"అంతేనా అయ్యగారూ? ఇంకేమీ మర్చిపోలేదు కదా?"

"నేను మర్చిపోవడమా!"

"నన్ను రాసుకోలేదు."

"ఏం, నువ్వు కూడా అమ్మకానికున్నావా?"

"లేను బాబూ."

"మరింకేం!" అని తాటాకు కట్ట బిగించేశాను. ఆమె తల వంచుకుని గాడిద వైపు తిరిగింది. నేను దాన్ని భయం కింద జమకట్టుకున్నాను.

సభలో ముప్ఫై వరహాలని ప్రకటించాను. ముప్ఫైకి గది కాదుకదా, గోడ కూడా లేవదు. ఆ సంగతి ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా అన్నాను. ఇవాళ్టికీ అది తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

"భేష్!" అన్నారు రాజుగారు. మిగిలిన రెండొందల డెబ్భైతో ఆయన మనసులో అప్పుడే ఓ కొత్త కిరీటం చేయించుకుంటున్నారు.

తిరపమ్మ దణ్ణం పెట్టింది. "అయ్యగారి మాట కాదనడానికి నేనెంతదాన్ని? కాకపోతే రెండు మనవులు. పత్రంలో అయ్యగారు లెక్కపెట్టినవే రాయించండి. లెక్కపెట్టనిది నా దగ్గరే ఉండిపోతుంది."

"ఉంచుకోవమ్మా, ఉంచుకో!" అని నవ్వాను. సభంతా నవ్వింది.

"రెండోది. ఒక్క వారం అయ్యగారే దగ్గరుండి రేవు నడిపించాలి. ఎవరి బట్టలు వాళ్ళకి చేరితే ముప్ఫై పుచ్చుకుని నోరు మూసుకుని పోతాను. చేరకపోతే నా మూడొందలూ నాకిప్పించాలి."

రాజుగారికి పందెమంటే ప్రాణం. "సరే! ఓడితే ఆ మూడొందలూ శాస్త్రి జీతంలోంచి!" అనేశారు. నా జీతం గురించి నన్నెవరూ అడగలేదు. అడిగినా ఒప్పుకునేవాణ్ణి. అంత పొగరుగా ఉండేవాణ్ణి.

కోటలోంచి ఆరుగురు కండగల మనుషుల్ని తీసుకెళ్ళాను. బట్టలు వచ్చాయి. గాడిదల మీద మూటలు మూటలుగా వచ్చి కొండలా పడ్డాయి. మావాళ్ళు ఉత్సాహంగా అన్నీ కలిపి ఉడకబెట్టారు, ఉతికారు, ఆరేశారు. ఏటిగట్టు తళతళలాడిపోయింది. ఇందులో ఏముందని నలభై ఏళ్ళు కష్టపడిందీ మనిషి అనుకున్నాను.

మడతలు పెట్టేటప్పుడు మా మనిషి ఒకడు అడిగాడు. "శాస్త్రులుగారూ, ఇవి ఎవరివెవరివి?"

నేను ఓ పంచె అందుకుని అటూ ఇటూ తిప్పాను.

అప్పుడు చూశాను. ప్రతి బట్ట మూలనా నల్లజీడి రసంతో పెట్టిన చిన్న గుర్తుంది. ఒకదానికి మూడు చుక్కలు, ఒకదానికి గీత, ఇంకోదానికి గీత మీద గీత. ఉతికితే పోని గుర్తులు. ఎవరింటికి ఏ గుర్తో రాసిన పుస్తకం లేదు. అది తిరపమ్మ బుర్రలో ఉంది. ఆ బుర్రని నేను జాబితాలో రాయలేదు.

వెళ్ళి ఆమెని అడగొచ్చుగా అంటారా? అడిగితే నేను గరుడాద్రి శాస్త్రిని ఎలా అవుతాను! కూర్చుని శాస్త్రీయంగా ఆలోచించాను. మూడు చుక్కలంటే మూడో వీధి. గీతంటే వీధిలో మొదటి ఇల్లు. గీత మీద గీతంటే మేడ. ఆ లెక్కన పంచిపెట్టించాను.

ఆ మర్నాడే దర్బారు. తెల్లవారుతూనే మా ఆవిడ ఓ చీర నా ముందు విసిరింది.

"ఇది నాది కాదు. నా చీర పురోహితుడి భార్య కట్టుకుని గుడికి పోతోంది. పోయి అడగండి!"

నేనెక్కడ అడగను? నాకొచ్చిన మూటలో మాత్రం కొత్త జరీ పాగా ఒకటి మెరుస్తూ కనిపించింది. ఇంత మంచి పాగా నాకెప్పుడుందీ అని ఒక్క క్షణం ఆలోచించాను. రెండో క్షణం కట్టేసుకున్నాను.

సభకి వెళ్ళేసరికి సేనాపతి మోకాళ్ళ పైకున్న పంచెలో నిలబడి ఉన్నాడు. మీసాలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. ఆయన చూపు నా తలమీంచి కదల్లేదు. మంత్రిగారి ఉత్తరీయానికి చిలకల అంచు. ఒకరినొకరు చూసుకుంటున్నారు గానీ ఎవరూ పెదవి విప్పడంలేదు.

రాజుగారు వచ్చారు. గంభీరంగా కూర్చుని, సభని దీవిస్తూ చెయ్యెత్తారు.

ఎడమ భుజం జారి మోచేతి దగ్గరికొచ్చింది.

రాజుగారు చెయ్యి దించారు. ఈసారి కుడి భుజం కదిలి, ఛాతీ దాటి, పొట్ట మీదకొచ్చి ఆగింది. సింహాసనంలో సన్నటి మనిషొకాయన మిగిలారు. ఆయన్ని మేమెవ్వరం అంతకుముందు చూసి ఎరగం. అంగరఖా భుజాల్లో ఉండే దూదిని మావాళ్ళు తియ్యకుండానే బానలో ఉడకబెట్టేశారు. అది తడిసి, ముద్దకట్టి, కుట్లు తెంచుకుని తన దారి తాను చూసుకుంది.

 నేను మెల్లగా ఒకడుగు వెనక్కేశాను.

"శాస్త్రీ," అన్నారు రాజుగారు పళ్ళ మధ్యనుంచి. "ఏమిటిది?"

నేను ఉత్తరీయం సర్దుకోవడం మొదలుపెట్టాను.

"తిరపమ్మని పిలవండి!"

పిలవనక్కర్లేకపోయింది. ఆమె గుమ్మం పక్కనే మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. మెల్లగా లేచి వచ్చింది.

"ఏమమ్మా, ఏం చేశావు రేవుని?"

"నేనేం చెయ్యలేదు ఏలికా. బండలున్నాయి, బానలున్నాయి, గాడిదలున్నాయి. అయ్యగారి జాబితాలో ఉన్నవన్నీ అక్కడే ఉన్నాయి. లేనివి నాతో వచ్చేశాయి."

"ఏమిటా లేనివి?"

"ఏ గుర్తు ఏ ఇంటిదో. ఏ బట్ట దేంతో కలిపితే రంగు దిగుతుందో. కొన్నిటిలో ఉతకబోయే ముందు తీసేసి, ఆరాక మళ్ళీ పెట్టి కుట్టేసేవి ఉంటాయి ప్రభూ. ఏమిటో, ఎవరివో, ఎన్నేళ్ళుగానో సభలో చెప్పమంటారా?"

రాజుగారు ఆమెను చూశారు. పొట్ట మీదున్న తన భుజాన్ని చూసుకున్నారు.

"వద్దు," అన్నారు.

"నలభై ఏళ్ళుగా నేనూ వద్దనే అనుకున్నాను దొరా. నేనడిగిన మూడొందల్లో ఆ వద్దనుకోవడం కూడా ఉంది."

ఒక్క క్షణం ఏమవుతుందో ఎవరికీ తెలియలేదు. కోపమొస్తే ఆమె తల, నా తల రెండూ పోయేవి. ఇంతలో రాజుగారి పొట్ట మీది దూది కదిలింది. నవ్వు! మొదట లోపల్లోపల, తర్వాత పగలబడి. ఆయన నవ్వుతూంటే కుట్లలోంచి దూది పింజలు రేగి మంత్రిగారి మీసాలకంటుకున్నాయి.

"తిరపమ్మా!" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు గెలిచావు. మూడొందలూ శాస్త్రి ఇస్తాడు. కోట పక్కన పొడినేల చూసి రాతి గది మేం కట్టిస్తాం. కొత్త మనుషుల పక్కన ఏడాదిపాటు కూర్చుని వాళ్ళకి నేర్పు. నీళ్ళలో కాలు పెట్టకు. ఒక్కమాట చెప్పు. మా శాస్త్రినే అమ్మకానికి పెడితే ఎంతొస్తుంది?"

తిరపమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. నేను రేవుని చూసినట్టే.

"అయ్యగారి పద్ధతిలోనే కడతాను ఏలికా. గంటం ఒకటి. తాటాకులు ఒక కట్ట. పాగా ఒకటి... ఆగండాగండి, పాగా ఆయనది కాదు. సేనాపతిగారిది."

సేనాపతి రెండంగల్లో వచ్చి నా తలమీంచి పాగా లాక్కున్నాడు.

"దాని కింద ఉన్నదో?" అన్నారు రాజుగారు.

"తలలో ఉన్నదాన్ని లెక్కవేసే పద్ధతి అయ్యగారి దగ్గర లేదు కదండీ."

ఈసారి అందరికంటే ముందు నేనే నవ్వాను. ఏడవలేక అనుకోండి, పర్వాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి రేవుకి వెళ్ళాను. గట్టు మీద పొడినేలలో పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని కొత్తవాళ్ళకి గుర్తులు నేర్పుతోంది. గాడిద నన్ను గుర్తుపట్టినట్టే ఉంది. దూరంగా నిలబడ్డాను.

"తిరపమ్మా, తప్పయిపోయింది. కట్టాల్సిన వెల తెలిసే తక్కువ కట్టాను" అన్నాను.

"పోనీలెండి బాబూ. కూర్చోండి."

కూర్చున్నాను. ఆరిన బట్టల్లోంచి నా పంచె తీసి, దాని మూల చూపించాను. ఒక గీత, పక్కనే పెద్ద సున్న.

"దీని అర్థమేమిటి?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "చెప్పకూడదు. ఒకరింటి గుట్టు ఇంకొకరికి చెప్పను."

"అది నా ఇల్లే కదే!"

"అయితే మీకు తెలిసే ఉంటుందిగా" అని బట్ట మడతపెట్టి నా చేతిలో పెట్టింది.