ఆగి ఆగి నూరిన మందు

గుండెనొప్పినీ వాయునొప్పినీ వేరుచేసి పట్టుకోవడం ఎలాగని మార్కండేయులు అడిగాడు. ప్రశ్న వేసినవాణ్ణే ప్రశ్నించడం అతని గురువు శోభనాద్రి వైద్యులకు అలవాటు.

"ఎవరికొచ్చిందిరా నొప్పి?"

"కుండలమ్మే నూకాలమ్మకండీ. పొద్దున వచ్చి రొమ్ము పట్టేస్తోందంది. నాడి కుదురుగానే ఉంది. వాయువనుకుని వాము కషాయం ఇచ్చి పంపాను."

"ఏం చేస్తుంటే వస్తోందంది?"

"అడగలేదండీ."

 గురువుగారు తన భార్య పేరిందేవి సంగతి ఎత్తారు. ఆవిడ పోయి పన్నెండేళ్లయింది. ఆ ఇంట్లో మందులన్నీ నూరింది ఆవిడే. కల్వం చప్పుడు వీధరుగు దాకా వినిపించేది. చివరి ఏడు ఆ చప్పుడు మధ్యమధ్యలో ఆగడం మొదలైంది. "కునికిపాట్లు పడుతున్నావా?" అని ఈయన అరుగు మీంచి కేకేసేవారు. లోపల్నుంచి నవ్వు వినిపించేది. కాసేపటికి చప్పుడు మళ్లీ మొదలయ్యేది.

ఒకరోజు ఆవిడే చెప్పింది. "నూరుతుంటే రొమ్ము బిగిస్తోందండీ. ఎడమ చెయ్యి, దవడ లాగేస్తున్నాయి. ఒళ్లంతా చెమట. ఆపి కూర్చుంటే తగ్గిపోతోంది."

ఈయన శాస్త్రం ఏమీ తప్పలేదు. మర్నాడు తెల్లవారగానే, పరగడుపున, స్థిమితంగా కూర్చోబెట్టి మరీ నాడి చూశారు. కుదురుగా ఉంది. వాయువే అన్నారు. వాయునొప్పి తిన్నాక వస్తుంది, త్రేన్పొస్తే సర్దుకుంటుంది అని ఊరందరికీ చెప్పే మనిషి, ఆవిడ తిన్నదో లేదో కూడా కనుక్కోలేదు. వాము చూర్ణం వేసుకోమన్నారు.

ఆ చూర్ణమూ ఆవిడే నూరుకోవాలి కదా. సగంలో చప్పుడు ఆగింది. ఈయన ఎప్పటిలాగే కేకేశారు. నవ్వు వినిపించలేదు.

"ఏడాదంతా జబ్బు నా చెవిన పడుతూనే ఉందిరా. నేను చెయ్యి పట్టుకుని వెతికాను" అన్నారు గురువుగారు.

మార్కండేయులు కళ్లు తుడుచుకుంటూ అక్కడే కూర్చుండిపోయాడు. ఆయనకు కోపం వచ్చింది.

"నా దగ్గర కూర్చుని ఏడుస్తావేంరా? ఈపాటికి నూకాలమ్మ తట్ట నెత్తికెత్తుకుని ఉంటుంది. దింపించు. బండి కట్టించి పెద్దాసుపత్రికి తీసుకుపో. నడిపించకు."