ఎర్రగోడ ముందు గాజుపలక

వెబ్‌పేజీ అనే రాజ్యంలో, రాణిగారి వాకిట్లో ఒక ఎర్రగోడ ఉండేది. ఆ గోడ ముందు నిలబడే కొలువు ఒక గాజుపలకకు దొరికింది. పని చిన్నదే. వచ్చినవాళ్లు వేలితో తాకగానే ఆమె నీలం నుంచి ఆకుపచ్చకు, ఆకుపచ్చ నుంచి పసుపుకు మారాలి.

ఆ రాజ్యంలో రంగులన్నీ తెల్లగుడ్డ ముందే సాధన చేస్తాయి. గాజుపలకా అలాగే నేర్చుకుంది. ఆ మారడం చూసి తీరాలి గాని చెప్పనలవి కాదు. నీలం ఎక్కడ ఆగిందో, ఆకుపచ్చ ఎక్కడ అందుకుందో పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

తీరా వాకిట్లో మొదటి అతిథి తాకేసరికి అంతా తలకిందులైంది. ఆమె నీలంగా ఉన్నంతసేపూ వెనక గోడ నల్లగా కనిపించింది. ఆకుపచ్చలోనూ నలుపే. పసుపులోకి వచ్చేసరికి గోడ ఎర్రగా భగ్గుమంది. ఆమె పసుపు మాత్రం ఎక్కడా లేదు.

"అబ్బ, ఏం గోడండీ!" అన్నాడు అతిథి.

గాజుపలకకు ఒళ్లు మండింది. సొమ్మొకడిది, సోకొకడిది. నేరుగా రాణి దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, ఆ గోడకు సున్నం వేయించండి. నా రంగులన్నీ అది మింగేస్తోంది."

"సరే. సున్నం వేసే మనిషి వచ్చేదాకా నువ్వు పక్కన నిలబడు" అంది రాణి.

ఆమె పక్కకు జరిగింది. అతిథులు వచ్చి గోడను తాకారు. తాకకముందూ ఎరుపే, తాకాకా ఎరుపే. ఒక్కరూ ఆగలేదు. గాజుపలకకు మొదట కసి తీరినట్టే అనిపించింది. పోనుపోను గోడ మీద జాలేసింది.

"నీకు సున్నం వేయమన్నది నేనే" అంది, దాచుకోలేక.

"తెలుసు తల్లీ. పుట్టి బుద్ధెరిగి నేను అంగుళం కదిలింది లేదు. నువ్వు నా ముందు రంగులు మారుతుంటే నేను నలుపు నుంచి ఎరుపుకు వచ్చాను. తెల్లవారడమంటే ఏమిటో ఆ కాసేపట్లో నాకూ తెలిసింది. అది చాలు" అంది గోడ.

తన పసుపంతా పోయింది ఆ ఎరుపులోకేనని గాజుపలకకు అప్పుడు అర్థమైంది.

అంతలో సున్నం బకెట్ పట్టుకుని మనిషి వచ్చాడు. ఆమె గబగబా వెళ్లి గోడ ముందు నీలంగా నిలబడింది.

"ఎర్రగోడకు సున్నం వేయమన్నారు. అదెక్కడమ్మా?"

"ఇక్కడ నల్లగోడే ఉందయ్యా."

అతనికి నమ్మకం కుదరలేదు. దగ్గరికొచ్చి వేలితో తాకాడు.

కొలువులో చేరాక మొదటిసారి, తాకినా ఆమె మారలేదు.