గంభీరయ్య వేసిన ముళ్లకంచె

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక జారుడుబండ. పైనుంచి ఊటనీళ్లు పల్చగా పారుతుండేవి. బండమీద కూర్చుని జర్రున జారితే కింద మడుగులో పడేవారు. కుందేళ్లు జారేవి, అడవిపందులు జారేవి, ఏమీ తోచనప్పుడు తాబేలు కూడా జారేది. ఆ బండ ఎవరిది? ఎవరి తాతా కట్టించలేదు గనక అందరిదీ.

జారేవాళ్లు ఒక పని చేసేవారు. ఊట మూతికి ఎండుటాకులు అడ్డం పడితే కాలితో పక్కకి నెట్టేవారు. నీళ్లు రాకపోతే జారలేరు కదా! అదొక పని అని వాళ్లకే తెలియదు.

అలాగని వాళ్లు బుద్ధిమంతులేం కాదు. కోతులు సీతాఫలం తొక్కలు తిన్నచోటే పారేసేవి. పందులు గట్టంతా కుళ్లగించేవి. ఎవరైనా అడిగితే "రేపు సర్దుతాంలే" అనేవి. ఆ రేపు ఎప్పుడూ రాలేదు.

ఆ అడవికి పెద్ద, కొండముచ్చు గంభీరయ్య. ఒకరోజు తొక్కమీద కాలేసి వెల్లకిలా పడ్డాడు. లేచి, దులుపుకుని, సభ పెట్టాడు. ఎవరి తొక్కలు వాళ్లచేత ఏరించాలా, దారి మూసేయాలా అని ఆలోచించాడు. ఏరించాలంటే రోజూ నిలబడి చూడాలి. మూయాలంటే ఒక్కసారి చెబితే చాలు.

"బండను కాపాడుతున్నాం. నేటినుంచి ఎవరూ రాకూడదు," అన్నాడు. దారికి అడ్డంగా రేగుముళ్ల కంచె వేయించాడు. ఆయన బావమరుదులు మాత్రం లోపలికి వెళ్లేవారు. వెళ్లకపోతే బండ క్షేమంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది పాపం! నీళ్లు చల్లగా ఉన్నాయని జారేవారు కాదు. చలికాలమంతా ఎండలో పడుకుని తిరిగొచ్చేవారు.

"మనకెందుకులే, చెట్లు లేవా," అన్నాయి కోతులు. "బురద ఎక్కడైనా బురదే," అన్నాయి పందులు. ముంగిస సూరమ్మకి మాత్రం కడుపు మండింది. ఎండాకాలం ఆమె కలుగు కుంపటిలా కాలుతుంది. పిల్లల్ని చల్లబరచడానికి ఆ మడుగు తప్ప ఆమెకి వేరే దిక్కులేదు.

మోదుగాకు మీద అర్జీ రాసి పట్టుకెళ్లింది. గుమస్తా దుప్పి కొమ్ములరావు దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నమిలేశాడు.

"అందిందమ్మా. పరిశీలనలో ఉంది," అన్నాడు.

రెండోసారి అరిటాకు మీద రాసింది. అంత పెద్దది తినలేడనుకుంది. కొమ్ములరావు మధ్యాహ్నందాకా తీరిగ్గా నమిలాడు. "చాలా వివరంగా రాశారమ్మా," అని మెచ్చుకున్నాడు.

మూడోసారి జిల్లేడాకు మీద రాసింది. కొమ్ములరావు కొస కొరికి, థూ అని ఉమ్మేసి, గంభీరయ్య దగ్గరికి పరుగెత్తాడు. "అయ్యా, ఇది నావల్ల అయ్యేది కాదు. తమరే చూడాలి."

గంభీరయ్య చదివాడు. 'కంచె తీయండి. చెత్త మేమే ఏరుకుంటాం. పారేసినవాళ్లని వెనక్కి పిలిచి నేనే తీయిస్తాను.'

"ఏమ్మా, అందరూ వస్తే బండ పాడైపోదూ?" అని అడిగాడు.

"ఎవరూ రాకపోతేనే పాడవుతుందండీ. కాలు పెట్టని చోటుని ఎవరు పట్టించుకుంటారు?"

"పట్టించుకోవడానికి నేను లేనూ?" అన్నాడు గంభీరయ్య, ఆవులిస్తూ.

ఎండలు ముదిరాయి. గంభీరయ్యకి ఒళ్లు మండి, జారాలనిపించింది. బావమరుదుల్ని వెంటేసుకుని బండ ఎక్కాడు. ఊట మూతికి మూరెడు మందాన ఆకులు పేరుకుపోయాయి. నీళ్లు ఎప్పుడో పక్క లోయలోకి మళ్లాయి. బండ పెనంలా కాలుతోంది. ఆయన ఇవేవీ చూడలేదు. ఠీవిగా కూర్చున్నాడు.

ఆ కేక మూడు కొండల అవతలికి వినపడింది. కాలిన చోటు పట్టుకుని కిందికి దొర్లితే మడుగులో నీళ్లు లేవు, కుళ్లు బురద ఉంది.

ఆ బురదతోనే సూరమ్మ కలుగు ముందుకి వచ్చాడు. "ఏదో ఒకటి చేయమ్మా. ఆ నీళ్లు ఎలా వచ్చేవో మీకే తెలుసు."

సూరమ్మకి నవ్వొచ్చింది. వెనకాలే కోపమూ వచ్చింది. లోపల పిల్లలు వేడికి నాలుకలు చాపి పడి ఉన్నాయి.

"ముందు ఆ కంచె పీకించండి. మీ బావమరుదులతోనే, ఇప్పుడే," అంది.

కంచె పోయింది. ఆకులు తీయడానికి సూరమ్మ, ఒక కుందేలు, తాబేలు వచ్చాయి. కోతులకి ఆరోజు వేరే పనుందట. పందులకి నడుంనొప్పట. సాయంత్రానికి నీళ్లు గలగలా దిగాయి. ఆ చప్పుడు వినపడగానే కోతుల పని అయిపోయింది, పందుల నడుం బాగైపోయింది. అందరూ తోసుకుంటూ పరుగెత్తుకొచ్చారు.

సూరమ్మ తన పిల్లల్ని నీళ్లలోకి దించి, దారి పక్కన నిలబడింది. "బండ అందరిదీ. చెత్తా అందరిదే. తలా ఒక దోసెడు తీసి జారండి."

గొణుక్కుంటూనే తీశారు. చివర్లో గంభీరయ్య వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"నేను అడవికి పెద్దని కదమ్మా..."

"అవునండీ. అందుకే మీకు రెండు దోసిళ్లు," అంది సూరమ్మ.

నీతి: అందరి చోటుకి అందరూ రావాలి, వచ్చినవాళ్లందరూ నడుం వంచాలి.